వేలంలో నిలబడ్డ సర్కారు కారు

జహీరాబాదులో మా చర్చి సంఘస్థులు కొందరు ఇప్పటికీ నన్ను చూడగానే నోటితో హారన్ మోగిస్తారు. కోతల పండుగనాడు గుడి ముంగిట నా పరువూ నా సైకిలూ ఒకే పూటలో ఎలా కొట్టుకుపోయాయో చెబుతాను, నవ్వండి. నవ్వడం పాపమని బైబిలు వాక్యంలో ఎక్కడా లేదు. వెతికి చూశాను.

ఎనభైల నాటి మాట. ఊరి బయట హైవే పక్కన చిన్న కార్ల కంపెనీ ఒకటి ఉండేది. కార్లు చేసేది గానీ కొనేవాళ్లు లేరు. నష్టం వచ్చిన ప్రతిసారీ హైదరాబాదు పోయి చేయి చాపేది, సర్కారు ఖజానా మూత తీసేది. మీసాలొచ్చినా చంక దిగని బిడ్డ లాంటిదన్నమాట. మా అక్క భర్త యోహాను బావ అందులో ఫిట్టర్. ఈసారి సొమ్ము రాకపోతే గేటుకు తాళమేనని పుకారు పుట్టింది. అక్క ఏడుపు చూడలేక, ఆదివారపు బడి పంతులునైన నేను కంపెనీని రక్షించే భారం మోషేలాగా నెత్తికెత్తుకున్నాను. మోషేను దేవుడు పిలిచాడు. నన్నెవరూ పిలవలేదు.

పండుగకు ముందు ఆదివారం నాకు ప్రసంగం ఇచ్చారు. కాయని అంజూరపు చెట్టు ఉపమానం ఎత్తుకున్నాను. "యజమాని నరికెయ్యమన్నాడు! తోటమాలి ఏమన్నాడు? ఈ ఒక్క ఏడాది ఉండనివ్వండి, తవ్వి ఎరువేస్తానన్నాడు! కంపెనీయే ఆ చెట్టు, ప్రజల సొమ్మే ఆ ఎరువు!"

ముందు వరుసలో శాంతమ్మ పెద్దమ్మ లేచింది. ఝరాసంగం దగ్గర అల్లం పండించే మనిషి, అల్లం కంటే ఘాటు.

"అరె కొడుకా, ఆ మాలి ఒక్క ఏడాదే అడిగిండు గదా. మీ చెట్టు ఎన్నేండ్ల సంది ఎరువు మెక్కుతున్నది?"

"జర ఓపిక పట్టాలె పెద్దమ్మా. కాస్తది."

"నా అల్లం కుళ్లిననాడు సర్కారు ఎరువేసిందా? గా కథల చివరికి కాయకుంటె నరుకుమన్నడు. గది సదువు!"

నిజమే. ఆ ముక్క నేను చదవలేదు. ఉపమానాన్ని నాకు లాభమున్న చోట ఆపేశాను. సగం వాక్యంతో ప్రసంగించేవాడికన్నా మొత్తం నిద్రపోయే శ్రోత నయం.

కారును కళ్లారా చూస్తే ఈమె నోరు మూతపడుతుందనుకుని, పండుగకు కంపెనీ కారు ఒకటి ఇప్పించమని బావ కాళ్లు పట్టుకున్నాను.

"చూపెట్టనీకి ఉంచిన బండి, బామ్మర్దీ. పొద్దుగూకేలోపు గేట్ల లేకుంటె నా నౌకరి పోతది."

"ఫికర్ జెయ్యకు బావా. దేవుని పని మీద పోతున్నది."

అరువు సొమ్ము బరువు చేటంటారు. అరువు కారు పరువు చేటని నేను కనిపెట్టాను.

పండుగనాడు కారుకు చెరుకుగడలు కట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయల పక్కన నిలబెట్టాను. మా ఆచారం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: తొలిపంట గానీ కోడి గానీ దండ వేసి గుడి ముంగిట పెట్టి, పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారంటే అది ఇక దేవుని సొత్తు. వేలం వేయాల్సిందే. ఎవరూ పాడకపోతే తెచ్చినవాడే విలువ కట్టి విడిపించుకోవాలి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, దండ వేసేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు. అయ్యగారు కళ్లు మూసుకుని కోడిపుంజు మొదలు కారు దాకా అన్నిటికీ కలిపి ప్రార్థించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

వేలం వేసే దావీదు పెద్దాయన పుంజును అమ్మాడు, గుమ్మడికాయలు అమ్మాడు, కర్రతో కారు బానెట్ మీద కొట్టాడు. "సర్కారు కారు! పాడుండ్రి!"

బావ గుమ్మడికాయల మధ్యే కూలబడ్డాడు.

"పెద్దయ్యా, గది అర్పణ కాదు! ఊకె చూపెట్టనీకి తెచ్చిన!" అని అరిచాను నేను.

"దండేసినవా లేదా? ఆమెన్ అన్నవా లేదా?"

ఎవరూ పాడలేదు. శాంతమ్మ చుట్టూ తిరిగి టైరును తన్నింది. "దీనికి నా మేకనిద్దామన్నా మనసొప్పుత లేదు. మేక పాలన్న ఇస్తది."

"ఇగ తెచ్చినోడే విడిపించుకోవాలె," అన్నాడు దావీదు.

అప్పుడు నేను సిగ్గు లేకుండా సంఘం వైపు చేతులు చాపాను. "తలా జర్రంత ఏస్తే..."

"ఔ మల్ల!" శాంతమ్మ చప్పట్లు కొట్టింది. "తెచ్చింది నువ్వు, మోసేది మేమా? మీ కంపెనోళ్లు అడిగేది గిట్లనే గదరా! నీ ఎరువు నువ్వే ఏస్కో!"

విమోచన గురించి గంటలకొద్దీ ప్రసంగించినవాణ్ని. దాని ఖరీదు ఆనాడే తెలిసింది. నాకున్నది ఒక్క కొత్త సైకిలు. దానికీ దండ వేసి కారు పక్కన పెట్టాను. శాంతమ్మే పాడుకుంది. ఆ సొమ్మే కారు విలువని కట్టాను, కారుకు విడుదల కలిగింది. బావ కళ్లు తుడుచుకుంటూ ఎక్కి తాళం తిప్పాడు.

కారు దగ్గింది. మళ్లీ దగ్గింది. పడుకుంది.

కంపెనీ గేటు దాకా సంఘమంతా కీర్తనలు పాడుతూ తోశాం. బావ నౌకరి దక్కింది. తోస్తూ తోస్తూ హైవే ఎక్కామో లేదో, వెనక నుంచి గంట మోగింది. నా సైకిలు! శాంతమ్మ కొడుకు తొక్కుతున్నాడు, ఆమె వెనక మహారాణిలా కూర్చుంది.

"జర పక్కకు జరుగుండ్రి! ఎరువు లేకుంట ఉరికే బండి వస్తున్నది!"

కాబట్టి సంఘం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఉపమానాన్నీ సగంలో ఆపను. పరాయి సొమ్ముతో బతికే దేనికీ దండ వెయ్యను. ఒకవేళ వేసినా, ఆమెన్ మాత్రం పక్కవాడికి వదిలేస్తాను.