వంటావార్పు పాలైన పెళ్లి ఫోటోలు

తెలంగాణ ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్నవాళ్లున్నారు, జైలుకెళ్లినవాళ్లున్నారు. నేను మాత్రం ఒక పెళ్లిని మాయం చేశాను. ఇన్నేళ్లయింది కాబట్టి మీరు నవ్వొచ్చు. ఆ రోజు నాకు ప్రాణం పోయినంత పనైంది.

అప్పట్లో ఎల్బీనగర్‌లో మా యాదగిరి మామ ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్నాను. నాకు పాడుబడ్డ కట్టడాల పిచ్చి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మూతబడ్డ సినిమా హాలొకటి ఉండేది. గోడల్లో రావిమొక్కలు, పైన పావురాలు. ఎప్పుడు ఫోటో తీద్దామన్నా బస్సులే అడ్డం. ఆ రోజేమో బంద్! మామ కునుకు తీస్తుంటే కెమెరా పట్టుకుని ఉడాయించాను.

"మొన్నటి చంపాపేట పెండ్లి అండ్లనే ఉన్నది. ఇంక కంప్యూటర్ల ఎక్కియ్యలే, ముట్టకు" అని పొద్దునే చెప్పాడాయన. వినేవాణ్ణయితే మీకీ కథ ఎందుకు చెబుతాను?

హాలుకు నాలుగైదు ఫోటోలు తీశానో లేదో, నడిరోడ్డున పొయ్యి పెట్టి నిరసనగా వంటావార్పు చేస్తున్న గుంపు నన్ను చూసింది. పెద్ద గరిటెతో ఒక యువకుడు ముందుకొచ్చాడు.

"ఎవరవయ్యా నువ్వు? పోలీసోల్లకు ఫోటోలిస్తున్నవా?"

"కాదన్నా... ప్రెస్!"

అడుసు తొక్కనేల అన్నారు పెద్దలు. నేను అందులో పొర్లాడాను.

"ప్రెస్సా! గట్ల చెప్పరాదే! రాండ్రి, పేపర్ల ఒస్తం!"

నలభై మంది నా హాలుకు అడ్డంగా నిలబడ్డారు. పిడికిళ్లెత్తి కొన్ని, గరిటె ఎత్తి కొన్ని. అంతలో కెమెరాలో జాగా అయిపోయింది.

"నిండిందన్నా."

"పాతయి తీసెయ్."

లోపల ఏడుస్తూ నా హాలు ఫోటోలు ఒక్కొక్కటే తీసేస్తున్నాను. గరిటె నా భుజం మీద వాలింది.

"ఒక్కొక్కటేందయ్యా, బువ్వ సల్లారుతున్నది! అన్ని ఒక్కపారే తీసెయ్!"

ఇందులో పెళ్లి ఉందంటే నేను ప్రెస్ కాదని తేలిపోతుంది. పోలీసు మనిషినని గరిటెతోనే తలంటుతారు. ఆ భయంలో వేలు బటన్ మీద పడింది. పెళ్లంతా పోయింది. వాళ్ల ఫోటోలూ పోయాయి. మళ్లీ మొదటినుంచి పిడికిళ్లెత్తించాను, పప్పు కలిపించాను.

సాయంత్రం మామ కెమెరాలో ఉన్నవి కంప్యూటర్లో ఎక్కించి, పెళ్లి లేదని తిడుతూ సగంలో ఉండగానే పెళ్లికూతురు సునీత, వాళ్ల నాయన ఫోటోల కోసం వచ్చారు. వెనకాలే పెళ్లికొడుకు. గరిటె మనిషే! పెళ్లికి నేను పోలేదు, ఎట్లా గుర్తుపడతాను చెప్పండి?

"ఫోటోలేవి?" అన్నాడు పెద్దాయన.

"వంటావార్పు కాడ ఈ అన్ననే తీసెయ్యమన్నడు" అని వేలు చూపించాను.

పెద్దాయన అల్లుడివైపు తిరిగాడు. "దోస్తుకు జరమొచ్చిందని సైదాబాద్ పోతివి గదా?"

అల్లుడు తలుపు వైపు జరిగాడు. సునీత మాత్రం కంప్యూటర్లో మొగుడు బగోనాలో పప్పు కలుపుతున్న ఫోటో చూస్తూ నిలబడింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను.

"మూడు ముళ్లది పోతే పోయింది. గిది పెద్దగ చేసియ్యన్నా, వంటింట్ల పెడ్త. తనకు పొయ్యి అంటిచ్చుడు గూడ రాదని నిన్ననే అన్నడు."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఎదుటివాడికి పెళ్లయిందో లేదో, అయితే ఆ ఫోటోలెక్కడున్నాయో తేల్చుకోకుండా, పాడుబడ్డ గోడకైనా సరే కెమెరా ఎత్తను గాక ఎత్తను.