కమెలియా కుండీతో షుఐబా దాకా

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. ఉదయం ఎనిమిదిన్నరకు కువైట్‌లోని రిగ్గైలో మా సంఘం ఆరాధన ముగిసింది. ఆఖరి ఆమెన్ కాగానే చెప్పుల పక్కన పెట్టిన పూలకుండీని ఎత్తుకుని బస్సు స్టాపుకు నడిచాను. అందులో ఉన్నది కమెలియా. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, తేయాకు మొక్కకు దగ్గరి చుట్టం. చలికాలంలో గులాబీ అంత పువ్వు పూస్తుంది.

నేను వంట చేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, దాన్ని తన తల్లి కోసం కొన్నారు. ఆసుపత్రిలో ఉన్న ఆ పెద్దావిడ ఆదివారం ఇంటికి వస్తున్నారు. వచ్చేసరికి తన కిటికీలో ఒక్క పువ్వయినా ఉండాలని ఆ పెద్దావిడ కోరిక. మొక్క వచ్చినప్పుడు ఏడు మొగ్గలు. మూడు రాలిపోయాయి. "చెట్టే మంచిది కాదు మామా" అనేశాను. మామా నర్సరీవాళ్ళ మీదకు తగువుకు బయలుదేరబోతే, నా సెలవురోజు శుక్రవారం దాకా ఆగమని బతిమాలాను. కాపు లేని అంజూరపు చెట్టు చుట్టూ తవ్వి, ఎరువు వేస్తానని యజమానిని గడువు అడిగిన తోటమాలి ఉన్నాడు కదా, ప్రభువు చెప్పిన ఉపమానంలో. ఆ మాటే పట్టుకున్నాను.

షుఐబాలో ఒక కంపెనీ క్యాంపులో నరసింహులు అనే తోటమాలి ఉన్నాడని, ఊటీ తేయాకు నర్సరీలో పదేళ్ళు చేశాడని మా సంఘం సహోదరి ఒకామె చెప్పింది.

తొమ్మిదికి ఫహాహీల్ బస్సు దొరికింది. టికెట్ మూడు వందల ఫిల్సు. పక్క సీటులో తెల్ల టోపీ పెట్టుకున్న రాయచోటి పెద్దాయన కుండీ వైపు తేరిపార చూశాడు.

"ఏం మా, చెట్టుకు గూడా టికెట్టు తీసుకున్యావా?"

"నా ఒళ్ళో కూర్చుందిగా బాబాయ్, పసిపిల్ల కింద లెక్కండి."

"అట్లయితే కిటికీ ముయ్యి. పిల్లకు గాలి తగుల్తాది" అని తనే లేచి మూశాడు.

ఫహాహీల్‌లో దిగి ఇంకో ఇద్దరితో కలిసి టాక్సీ ఎక్కాను. పదింబావుకు ఫ్యాక్టరీ గొట్టాల నీడలో ఉన్న క్యాంపు చేరాను. సహోదరి ముందే ఫోన్ చేసి చెప్పడంతో నరసింహులన్న గేటు దగ్గరే ఉన్నాడు. నన్ను కాదు, ముందు కుండీని పలకరించాడు.

"మొగ్గ మీదుండే చెట్టును బస్సులో ఊపుకుంటా తెస్తావా? ఫోటో పంపిచ్చింటే సరిపోయేది గదా!"

కుండీ అంచున తెల్లగా పేరుకున్న పొరను గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు.

"ఉప్పు. యా కొళాయి నీళ్ళు పోస్తాండావు?"

"తోట కొళాయండి."

కువైట్ ఇళ్ళలో తాగే నీళ్ళకొక కొళాయి, తోటకు ఉప్పునీళ్ళ కొళాయి ఉంటాయి. నాకు తెలిసే ఉంది. అయినా తట్టలేదు.

"ఇంకేం ఏసినావు? దాచకుండా చెప్పు."

"కోడిగుడ్ల పెంకులు నూరి వేశానండి. మాంసం కాల్చిన బొగ్గుల బూడిద కూడా. మా గోదారోళ్ళం గులాబీలకి అదే వేస్తామండి."

"సున్నం పెట్టినావు! ఇది పులుపు మట్టిలో బతికే చెట్టు తల్లీ. తవ్వొద్దు, ఎరువు ఎయ్యొద్దు. పూత అయినాక సూస్తాం."

నా ఉపమానం తలకిందులైంది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

పాత మట్టి మెల్లగా దులిపి, పులుపుండే పీట్ మట్టిలో బెరడు ముక్కలు కలిపి మొక్కను తిరిగి నాటాడు. మొదలు మునుపటికన్నా లోతుకు పోనివ్వలేదు. మంచినీళ్ళు అడుగు నుంచి కారేదాకా పోశాడు. ఒకే చోట అతుక్కుని ఉన్న రెండు మొగ్గల్లో ఒకదాన్ని పుటుక్కున తుంచాడు.

"అయ్యో అన్నయ్యా! ఉన్నవే నాలుగు!"

"రెండూ ఒకచోట కొట్లాడుకుంటే రెండూ పోతాయి" అంటూ మొగ్గ నా చేతిలో పెట్టాడు. "ఇంటికి పోయినాక పూసేదాకా జరపొద్దు. పొద్దున ఎండ చాలు. ఎండాకాలం ఇంట్లోనే పెట్టు, ఏసీ గాలి నేరుగా తగలనీయొద్దు. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పొయ్యి. మట్టి తడిగా ఉండాల, బురద గాకూడదు."

పన్నెండున్నరకు సంగటి, పప్పు పెట్టాడు. నేను ప్రార్థన చేసుకున్నంతసేపూ ముద్ద చేతిలోనే ఆపుకున్నాడు. "మీ దేవునికి మొగ్గల సంగతి గూడా చెప్పినావా?" అన్నాడు. అదే ముందు చెప్పానన్నాను.

రెండింటికి తిరుగు బస్సు. కుండీ ఒళ్ళో ఉంది, మూడు మొగ్గలూ ఉన్నాయి. లోపల మాత్రం నర్సరీవాళ్ళ మీద వేసిన నింద గుచ్చుతోంది. ఇల్లు చేరేదాకా ఆగలేక ఫోన్ చేశాను.

"మామా, చెట్టు మంచిదే. ఉప్పునీళ్ళు పోసింది నేనే, బూడిద వేసింది నేనే. మన్నించండి."

అవతల పెద్ద నవ్వు.

"నేనూ రోజూ మిగిలిన చాయ్ పోశాను. చక్కెరతో సహా! బలం వస్తుందనుకున్నా. ఖలాస్, ఇక వదిలెయ్, ఇద్దరమూ దొంగలమే. యల్లా, త్వరగా తీసుకురా."

బస్సులో అందరూ నావైపు చూసేలా నవ్వాను. ఆ రోజంతటిలో నాకు మిగిలిన మాట ఒకటే. ఆ చెట్టు మీద ప్రేమకు మా ఇంట్లో ఎప్పుడూ కొదవ లేదు, దానికి ఏం కావాలో అడిగినవాళ్ళే లేరు. రిగ్గై దగ్గరపడుతుండగా వంగి చూశాను. మొగ్గల్లో పెద్దదాని కొన విచ్చుకుని, లోపలి ఎరుపు సన్నగా కనబడుతోంది. ఆదివారానికి ఇంకా రెండు పొద్దుల ఎండ ఉంది.