లస్మవ్వ నింపిన జేబులు

వానాకాలం చివర్లో డెంగీ జ్వరం వచ్చి లస్మవ్వ కోడలు పద్మలత చనిపోయింది. కరీంనగర్ దాకా తీసుకుపోయారు గానీ దక్కలేదు. లస్మవ్వ కొడుకు గోపాల్ మందమర్రిలో బొగ్గుబాయి కార్మికుడు. షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో పిల్లలిద్దరే మిగిలిపోతారు. భూమికకు పదేళ్లు, సన్నీకి ఆరేళ్లు. అందుకని లస్మవ్వ జమ్మికుంట పక్కనున్న తన ఊళ్లో ఇంటికి తాళం వేసి, పత్తిచేను మరిది అంకయ్యకు అప్పజెప్పి, ప్యాసింజరు బండెక్కి కంపెనీ క్వార్టరుకు వచ్చేసింది.

ఆ క్వార్టరు ఆమెకు కొత్త కాదు. పిల్లలు పుట్టినప్పుడు వచ్చింది, ఎండాకాలం సెలవుల్లో వచ్చింది. డిసెంబరులో మాత్రం ఎన్నడూ రాలేదు. అది పత్తి ఏరే కాలం, చేను విడిచి కదలడానికి ఉండదు. పద్మలత పుట్టింటివాళ్లు క్రైస్తవులు. గోపాల్ పేరు మార్చుకోలేదు గానీ ఆదివారాలు భార్యతో చర్చికి పోయేవాడు, పిల్లలు అక్కడే పాటలు నేర్చుకున్నారు. లస్మవ్వకు క్రిస్మస్ అంటే తెలిసిందల్లా పండుగ అయ్యాక కోడలు డబ్బాలో పెట్టి పంపే కేకు ముక్కలు, నూనెలో కాల్చిన గులాబి పువ్వులు.

నవంబరు నెలాఖరులో ఒక పొద్దున భూమిక కుర్చీ ఎక్కి బీరువా మీది నుంచి నీలంరంగు బట్ట ఒకటి దించింది. దాని నిండా చిన్న చిన్న జేబులు కుట్టి ఉన్నాయి. పాత చీర ముక్కలు, పూల ఫ్రాకు ముక్కలు, ఒకటైతే గోపాల్ పాత చొక్కా జేబే. ప్రతి జేబు మీదా ఎర్రదారంతో ఒక అంకె.

“ఏందే బిడ్డా గది?”

“అమ్మ కుట్టింది బాపమ్మా. డిసెంబర్ల గోడకు కడ్తది. దినాం ఒక్క జేబుల చెయ్యి పెట్టాలె. అన్ని జేబులు అయిపోతే క్రిస్మస్ వచ్చినట్టు.”

పద్మలత చిన్నప్పుడు కరీంనగర్‌లో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి వార్డెనమ్మ గోడకు ఒక అట్ట క్యాలెండరు తగిలించేదట. దాన్లో చిన్న చిన్న తలుపులు. రోజుకొక తలుపు తెరిస్తే లోపల ఒక బొమ్మ. అట్టది కొనే వీలు లేక, కుట్టుపని వచ్చిన చెయ్యి గనక, పద్మలత తన పిల్లలకు బట్టతో కుట్టింది.

గోపాల్ ఆ బట్టను చూసి మొహం తిప్పుకున్నాడు.

“గీ ఏడు ఏం వద్దవ్వా. ఎవలు నింపుతరు గవన్ని? మలిచి లోపట పెట్టు.”

లస్మవ్వకూ అదే సరి అనిపించింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండుగ చేయరు. ఆమె ఎరిగిన పద్ధతి అదే. భర్త రాజం పోయిన ఏడు బతుకమ్మను కూడా పేర్చలేదు. కానీ బాపు డ్యూటీకి పోయిన తర్వాత భూమిక ఎవరినీ అడగకుండా బట్టను గోడకున్న మేకుకు తగిలించింది. గోపాల్ వచ్చి చూశాడు, తియ్యమని మాత్రం అనలేదు.

డిసెంబరు మొదటి రోజు పొద్దున సన్నీ నిద్ర లేచి మొహమైనా కడుక్కోకుండా గోడ దగ్గరికి పోయాడు. మొదటి జేబులో చెయ్యి పెట్టాడు. ఏమీ లేదు. తప్పు జేబు అనుకున్నాడేమో, పక్కదాన్లో పెట్టాడు. ఆ తర్వాత దాన్లో. చెయ్యి అందినంత వరకూ అన్నీ వెతికాడు. ఏడవలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. బయటికి పోయి నల్లా దగ్గర మెల్లగా పళ్లు తోముకున్నాడు. లస్మవ్వ పొయ్యి ముందు నిలబడి ఇదంతా చూసింది. పెనం మీది రొట్టె మాడిపోయింది.

మర్నాడు రెండో జేబులో పల్లిపట్టీలు ఉన్నాయి. సన్నీ అక్కడే నిలబడి తినేశాడు. భూమిక మాత్రం జేబు అడుగుదాకా వేళ్లు పెట్టి చూసింది.

“చీటీ ఏది బాపమ్మా?”

“ఏం చీటీ బిడ్డా?”

“అమ్మ చీటీ పెడ్తుండె. గా దినం మేం ఏం చెయ్యాల్నో అండ్ల ఉంటుండె.”

లస్మవ్వకు చదువు రాదు. ఆ సాయంత్రం కొంగు కప్పుకుని, రెండు గల్లీల అవతల ఉన్న దేవదాస్ ఇంటికి పోయింది. దేవదాస్ పద్మలత తండ్రి. గనిలో పని చేసి రిటైరయ్యాడు, చర్చిలో సంఘపెద్ద. భార్య ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఒక్కగానొక్క బిడ్డ పోయింది. ఏటా ఈ రోజులకు వెదురుబద్దలు చీరి, రంగుకాగితం అతికించి, కూతురి ఇంటికి నక్షత్రం చేసేవాడు. ఈసారి వాకిట్లో వట్టిచేతులతో కూర్చుని ఉన్నాడు.

“అన్నా, పిల్లలు చీటీ అడుగుతుండ్రు. అండ్ల ఏం రాస్తుండెనో నాకెర్కలే” అంది లస్మవ్వ. “మా తీర్ల ఏడాది దాకా పండుగ చెయ్యద్దు. మీ తీర్ల ఏమున్నదో జర చెప్పు.”

దేవదాస్ పక్కనున్న పీటను ఆమె వైపు జరిపాడు.

“గీ దినాలు పండుగ గాదు చెల్లె. పండుగ కోసం ఎదురుచూసుడు. ఏడ్చెటోళ్లు గూడ ఎదురుచూడొచ్చు.”

“గంతేనా?”

“గంతే.”

“అయితే చీటీలు నువ్వు రాసియ్యి.”

“నేను రాస్తే బైబిల్ మాటలే వస్తయి. అది గట్ల రాయకపోయేది. పిల్లలకు చిన్న చిన్న పనులు చెప్తుండె. చీటీ ఎందుకు, నువ్వు నోటితోనే చెప్పు.” మళ్లీ తనే అన్నాడు, “నా బిడ్డ గుర్తుకొస్తదని నేను ఇంట్ల కెల్లి బయటికే వస్తలేను చెల్లె. నువ్వన్న చెయ్యి.”

ఆ తర్వాత ప్రతి పొద్దునా పిల్లలు జేబులోది తీసుకుని బాపమ్మ వైపు తిరిగేవాళ్లు. ఆమె రొట్టె చేసుకుంటూ ఆ రోజు పని చెప్పేది. పక్క క్వార్టర్ దుర్గవ్వకు మోకాళ్ల నొప్పులు, ఆమెకు నల్లానీళ్లు పట్టియ్యాలె. సన్నీ అక్క మీద చెయ్యి ఎత్తొద్దు. ఇద్దరూ పోయి తాతతో కూర్చుని అన్నం తిని రావాలె. జేబుల్లో పెద్ద వస్తువులేమీ లేవు. మక్క పేలాలు, నువ్వుల ముద్ద, రేగుపండ్లు. ఒకరోజు అంకయ్య చేను నుంచి పంపిన దూదిపింజ పెట్టింది. భూమిక దాన్ని, క్రిస్మస్‌కని గోడవారన పేర్చుకున్న బొమ్మల పశువుల పాకలో, బాలయేసు బొమ్మ కింద పక్కలా పరిచింది.

అంకయ్య ఫోన్ చేశాడు.

“వదినె, చావు ఇంట్ల పండుగ చేస్తున్నవట? ఊళ్లె నలుగురు నాలుగు తీర్ల అంటుండ్రు.”

“పండుగ గాదు అంకయ్యా. పిల్లలు ఎదురుచూస్తుండ్రు. ఎదురుచూడద్దని నేనెట్ల చెప్పాలె?”

అవతల అంకయ్య మాట మార్చాడు. పత్తి ధర సంగతి మాట్లాడి ఫోన్ పెట్టేశాడు.

గోపాల్ మాత్రం ఆ గోడ వైపు చూసేవాడు కాదు. భార్య పోయినప్పటి నుంచీ ఇంట్లో ఆమె పేరు ఎత్తలేదు. పిల్లలు ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. లస్మవ్వ అది గమనిస్తూనే ఉంది. పండుగ దగ్గర పడ్డాక ఒక పొద్దున భూమికతో అంది.

“ఇయ్యాల మీ పని ఇదే. మీ బాపు తోని మీ అమ్మ ముచ్చట ఒక్కటి చెప్పియ్యాలె.”

మొదటి షిఫ్టు ముగించుకుని గోపాల్ వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. భూమిక అడిగింది. అతను చెయ్యి కడిగేసుకుని బయటికి పోయాడు. కంచంలో అన్నం అట్లాగే ఉండిపోయింది. భూమిక తలుపు వెనక నిలబడి ఏడ్చింది. చెప్పకూడని పని చెప్పానా అని లస్మవ్వ ఆ రోజంతా మథనపడింది.

మరునాడు గోపాల్ అన్నం తిన్నాడు. కంచం తీయబోతున్న తల్లిని ఆపి, తనే పిల్లలను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“కంపెనీల కొత్తగ చేరిన. డ్యూటీ ప్యాంటు పొడుగైంది. మీ తాత ఇంటి ముంగట మీ అమ్మ మిషిన్ పెట్టుకొని కుడుతుండె. తీస్కపోయి ఇచ్చిన. ఒక కాలు మంచిగ కుట్టింది. ఇంకో కాలు జానెడు పొట్టిగ కుట్టింది. గిదేందని అడిగితె ఏమన్నదో ఎర్కేనా? ‘నువ్వే వంకర నిలవడ్డవు, నేనేం జేద్దు’ అన్నది.”

సన్నీ పకపకా నవ్వాడు.

“మల్ల ఏం జేసినవ్ బాపూ?”

“ఏం జేస్త? సక్కగ చేపిచ్చుకునేటందుకు నాలుగుసార్లు తిరిగిన. ఆఖరికి ప్యాంటు గట్లనే ఉన్నది. మేం పెండ్లి చేసుకున్నం.”

భూమిక కూడా నవ్వింది. గోపాల్ నవ్వబోయి, రెండు చేతులతో మొహం కప్పుకుని పిల్లల ముందే ఏడ్చాడు. పిల్లలు అతని భుజాలు పట్టుకుని కూర్చున్నారు. లస్మవ్వ లోపలికి పోయింది. కోడలు పోయిన నాటి నుంచి ఆపుకుంటూ వచ్చిన కన్నీళ్లు ఆమెకూ అప్పుడే వచ్చాయి.

క్రిస్మస్ పొద్దున నలుగురూ చర్చికి పోయారు. పిల్లలవి కొత్త బట్టలు. లస్మవ్వ వెనక చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చుంది. ప్రార్థన అయ్యాక దేవదాస్ వాళ్లతో కలిశాడు. అందరూ సమాధుల తోటకు నడిచారు. పద్మలత సమాధికి ఇంకా సిమెంటు వేయలేదు, మట్టి మీద గడ్డి మొలిచింది. గోపాల్ గడ్డి పీకాడు. పిల్లలు బంతిపూలు పెట్టారు. దేవదాస్ కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు.

ప్రార్థన కాగానే లస్మవ్వ కొంగు చాటు నుంచి చిన్న టిఫిన్ డబ్బా తీసింది. దాన్లో సర్వపిండి ముక్కలు. పద్మలత అంత్యక్రియల్లో, పోయినవాళ్ల పేరిట మూడోనాడు పిట్టకు పెట్టే ముద్ద పెట్టలేదు. చర్చివాళ్లలో ఆ ఆచారం లేదు. కోడలు ఆకలితో పోయిందన్న బాధ ఇన్ని నెలలుగా లస్మవ్వ లోపల ఉండిపోయింది. ఇప్పుడు డబ్బా పట్టుకుని దేవదాస్ మొహం చూస్తూ నిలబడింది.

“అన్నా, మీ తీర్ల గిది ఒప్పుకోకపోతే వాపస్ తీస్కపోత.”

సంఘంలో నలుగురు చూస్తున్నారు. దేవదాస్ వాళ్ల వైపు తల తిప్పలేదు.

“పెట్టు చెల్లె. నా బిడ్డకు సర్వపిండి అంటే పానం.”

ఆమె ప్రహరీగోడ మీద ఒక ముక్క పెట్టి దూరంగా జరిగింది. కాకి రాలేదు. కాసేపటికి రెండు గోరింకలు వచ్చి పొడుచుకు తిన్నాయి. “అమ్మ తిన్నట్టేనా బాపమ్మా?” అని భూమిక అడిగింది. “నాకెర్కలే బిడ్డా. నాకు పెట్టబుద్ధయింది, పెట్టిన” అంది లస్మవ్వ. మిగిలిన ముక్కలు పిల్లలకు, గోపాల్‌కు పంచింది. దేవదాస్ చెయ్యి చాపి తనూ ఒకటి తీసుకున్నాడు. కూతురు పోయాక ఆ రోజే మొదటిసారి వాళ్ల క్వార్టరుకు వచ్చి భోజనం చేశాడు.

పిల్లలకు పండుగ జరిపింది గానీ, లస్మవ్వ తన మటుకు తను ఏడాది పట్టు విడవలేదు. సంక్రాంతికి, ఉగాదికి, పక్క క్వార్టర్లో పెళ్లికి కూడా పాత చీరే కట్టింది. మళ్లీ వానాకాలం వచ్చి ఏడాది నిండింది. దేవదాస్ ఇంట్లో పద్మలత జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టారు. ముందురోజు గోపాల్ మంచిర్యాలకు పోయి తల్లికి ఆకుపచ్చ అంచు చీర తెచ్చాడు. లస్మవ్వ తలస్నానం చేసి ఆ చీర కట్టుకుని, మనవడి చెయ్యి పట్టుకుని, కూడికకు వంట చేయడానికి అందరికన్నా ముందే వియ్యంకుడి ఇంటికి నడిచింది.