నల్లకోటుతో పుస్తకం రాయబోయాను

కరోనా కాలంలో నేను చేసిన ఘనకార్యం వింటే మీకు నవ్వాగదు. నాకు మాత్రం అప్పుడు ఏడుపొక్కటే తక్కువ. నా మొదటి పుస్తకం పుట్టకముందే పోబోయింది మరి!

సూరత్‌లో కోర్టులు మూతపడి, నాలాంటి చిన్న వకీళ్లు గోళ్లు గిల్లుకుంటున్న రోజులవి. ఇక్కడ మగ్గాల మీద బతికే మన తెలుగువాళ్ల గురించి పుస్తకం రాస్తానని హైదరాబాద్‌లో ఒక ప్రచురణకర్తకు మాటిచ్చేశాను. నెలాఖరుకల్లా మొదటి అధ్యాయం రాకపోతే పుస్తకం సంగతి మర్చిపొమ్మన్నాడాయన.

సూరత్ పక్కనే ఉన్న జోల్వాలో మా మేనత్త మల్లవ్వ పక్కింట్లో రాజన్న ఉంటాడు. ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు నడుపుతాడు. అతనితోనే మొదలుపెడదామనుకున్నాను. దారిలో పోలీసులు ఆపకుండా నల్లకోటు తగిలించుకున్నాను. నిజంగానే ఎవరూ ఆపలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తలుపు తీసిన రాజన్న కోటు చూడగానే మాస్కు కళ్లదాకా లాక్కున్నాడు.

"లాక్‌డౌన్‌లో మగ్గం నడిపారా? అవునా, కాదా? అంతే చెప్పండి," అన్నాను. ఏం చేయను, కోర్టు అలవాటు!

"లేదు సాబ్. అన్నీ బంద్."

వెనక మగ్గం టకటకలాడుతూనే ఉంది.

"మరి ఆ చప్పుడేమిటి?"

"మా ఇంటామె కుట్టుమిషిను సాబ్."

"కుట్టుమిషనుకు గోడలు అదురుతాయా?"

నాలోని వకీలు రెచ్చిపోయాడు. రచయిత ఎటుపోయాడో తెలియదు.

రాజన్న చేతులు జోడించాడు. "జర మాఫ్ చెయ్యున్రి సాబ్. పిల్లలున్నరు. కేసు పెట్టకున్రి."

మగ్గం ఠక్కున ఆగింది. గల్లీలో తలుపులన్నీ ధడేల్‌మని మూసుకున్నాయి. ఇక నాతో మాట్లాడేదెవరు?

అప్పుడొచ్చింది మల్లవ్వత్త. "ఏందిర గిది? పుస్తకం రాస్తనని చెప్పి, జప్తుకొచ్చినోని లెక్క గిట్లొచ్చినవేంది? ముందుగాల ఆ కోటు ఇప్పు! రాజన్నా, భయపడకు. వీడు మా తమ్ముని కొడుకే."

కోటు విప్పి గేటుకు తగిలించాను. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చాయ్ తాగాను. రెండో కప్పుకు రాజన్నే నోరు విప్పాడు. "మాలు అమ్ముడుపోతదో లేదో తెల్వదు. కని మగ్గం సప్పుడు లేకుంటే మా చిన్నది పండదు సాబ్. అందుకే నడుపుతున్న."

సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాడు. హమ్మయ్య! అధ్యాయం గడువుకు ముందే వెళ్లిపోయింది.

పుస్తకం అచ్చయ్యాక మొదటి ప్రతి రాజన్నకే ఇచ్చాను. వెనక అట్ట మీద నల్లకోటులో నా ఫొటో! అది చూసి కోటు మీద వేలు పెట్టాడు.

"గట్లయితే కేసు కొట్టేసిన్రా సాబ్? అవునా, కాదా? అంతే చెప్పున్రి."

"అవునన్నా, అవును!"

ఆ రోజే ఆ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకపై ఎవరి కథ వినడానికి వెళ్లినా కోటు ఇంట్లోనే వదిలేస్తాను. దారిలో పోలీసులు పట్టుకుంటే వకీలును పెట్టుకుంటాను.