దొరతనం పుట్టిన చోటు

దొర అనేవాడు పుట్టుకతోనే దొర అనుకునేదాన్ని నా చిన్నప్పుడు. మా ఊరు నర్సింహులపేటకు నడిచిపోయే దూరం. ఊళ్లన్నీ సంఘం కట్టి దొరల మీద తిరగబడేసరికి మా దొర కోటలాంటి తన గడికి తాళం వేసి పట్నం పారిపోయాడు. అది కళ్లారా చూసి కూడా మావాళ్లు ఖాళీ గడి ముందు చెప్పులు చేతపట్టుకునే నడిచేవాళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా తాత నీరటి. చెరువు తూము తెరిచి, వంతు ప్రకారం మడి మడికీ నీళ్లు పారించడం ఆయన పని. దొర ఉన్నన్నాళ్లూ మొదటి నీళ్లు గడి పొలానికే. దొర పోయాక ఎవరి వంతు వాళ్లకే అని సంఘం చెప్పింది. తాతకు వయసు మీదపడింది. ఆయన తర్వాత నీరటి పార మా నాయినదే అని ఇంటిల్లిపాదీ నమ్మాం. తాతముత్తాతల నుంచి వస్తున్న పని మరి. నేనైతే తోటి పిల్లల ముందు అప్పుడే మిడిసిపడ్డాను.

ఒకరోజు తాత కాల్లో ముల్లు విరిగిందని మంచమెక్కి, నాలుగు రోజులు తూము చూడమని నాయినకు చెప్పాడు. నాయిన ముందు మా మడి నింపాడు, తర్వాత తన దోస్తులవి. కాలువ చివరన పక్కింటి పెద్దమ్మ మడి ఉండేది. మొగుడు లేని మనిషి, ఆ ఒక్క మడే ఆమె తిండి. అది కాస్తా నెర్రెలు విచ్చింది. ఆమె వచ్చి అడిగితే నాయిన, "నీరటోల్లం, మాకు ముందు పారితె తప్పేంది?" అన్నాడు.

ఐదో రోజు తాత మంచం దిగి చకచకా నడిచాడు. ముల్లూ లేదు, పాడూ లేదు! ఊరంతా చూస్తుండగా పార తీసుకెళ్లి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆఖరి మడి తడిస్తేనే ఆమెకు అన్నం, అందుకే అక్కడిదాకా పారిస్తుంది అన్నాడు. నాయిన మొహం మాడిపోయింది. నేను నేలమీద పడి ఏడ్చాను.

తాత నన్ను చెరువు కట్టమీద కూర్చోబెట్టాడు. "దొరోల్ల ముత్తాత గూడ మొదాల మంచోడేనట బిడ్డా. కట్ట తెగవోతుంటె అందరికన్న ముందు ఉరికి మన్ను వోసిండట. గందుకే ఊరు ఆయనను పెద్దజేసింది. కొడుకు తట్ట ముట్టలె. మనుమడు కట్ట దిక్కే రాలె. అయినా పెద్దరికం ఆ ఇంట్లనే ఉండె. ఇదేందని ఎవ్వలం అడుగకపోతిమి. గట్ల లేసింది గడి. మల్ల మనింట్ల గూడ ఒకటి లేపాల్నా?"

నా కోపం చల్లారలేదు. కానీ ఆ ఏడు కాలువ పొడుగునా ప్రతి మడీ పండింది, మాదీ పండింది.

ఏం లాభం? ఆ తర్వాత సంఘాన్ని అణచడానికి మిలిటరీ వచ్చింది, దాని వెనకే దొర వచ్చాడు. దొర మనుషులు పెద్దమ్మ చేతిలోని పార గుంజుకున్నారు. మళ్లీ మొదటి నీళ్లు గడికే. తాత ఆ దిగులుతోనే పోయాడు.

ఇప్పుడు గడి కూలిపోయింది. నా కొడుకు ఊరికి పెద్దమనిషి, చెరువు నీళ్ల పెత్తనమూ వాడిదే. మొన్న నలుగురిలో, తన తర్వాత తన కొడుకే అని మీసం దువ్వాడు. పార కోసం నేలమీద పడి ఏడ్చినదాన్ని, వాడిని అనడానికి నాకు మొహం లేదు. అయినా నోరు ఊరుకోలేదు. తాత మాటల్లోంచి నాకు మిగిలింది ఒక్క ప్రశ్నే, అదే అడిగాను.

"ఆఖరి మడికి నీల్లు పారినయారా?"

కొడుకు తల గోక్కున్నాడు.

"గా మడి ఎవలదే అవ్వా?"