పాలు పొంగిన క్వార్టరు

ఈమధ్య విశాఖ శివార్లలో మేము కొనుక్కున్న ఇల్లు ఎన్‌క్లేవ్‌లో ఉంది. పక్కవాళ్లది విల్లాస్, రోడ్డుకవతలిది రెసిడెన్సీ, ఇంకా పునాదులైనా పడని చోట టౌన్‌షిప్ అని బోర్డు. ఇవన్నీ చదువుకుంటూ గేటు దాటుతుంటే, నా వయసువాళ్లు మరిచిపోలేని మూడు పాతమాటలు గుర్తొచ్చాయి: కాలనీ, క్వార్టర్సు, లైన్లు.

పంతొమ్మిది వందల యాభైల్లో పాలిటెక్నిక్ ముగించి, చోడవరం దగ్గర ఇప్పుడు ఆనవాలైనా లేని ఒక గోగునార మిల్లులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. రెండిళ్లకు గోడ కలిస్తే ఒక పేరు, ఇళ్లు వరసగా ఉంటే మరో పేరు, ముంగిలి చుట్టూ ఉంటే ఇంకో పేరు అని చదువులో నేర్పారు. మిల్లులో ఆ లెక్క పనికిరాలేదు. ఆఫీసర్లు ఉండేది కాలనీ, అక్కడ ఇంటింటికీ తోట. గుమాస్తాలు ఉండేది క్వార్టర్సు, అక్కడ ఇంటింటికీ కుళాయి. పనివాళ్లు ఉండేది లైన్లు, అక్కడ అందరికీ కలిపి ఒక్కటే కుళాయి.

మా బావ అక్కడ ఫిట్టరు. నెలలు నిండుతున్న మా అక్క బిందె పట్టుకుని ఆ కుళాయి దగ్గరే పొద్దు గడిపేది. బావ హెడ్ ఫిట్టరు అయ్యాక, మేనేజరు ఖాళీగా ఉన్న ఒక క్వార్టరు తాళం చేతిలో పెట్టి, కాగితం తరవాత వస్తుందన్నాడు. మూఢం దగ్గరపడుతోంది, అది వస్తే మళ్లీ ముహూర్తాలు లేవు, ఈలోగా కాన్పు వచ్చేస్తుంది. అందుకని కాగితం కోసం ఆగకుండా అక్క ఆ ఇంట్లో పాలు పొంగించింది. గుమాస్తాల భార్యలందరూ వచ్చి పరమాన్నం తిన్నారు.

వాళ్ల చేతులు ఆరకముందే మేనేజరు బంట్రోతు వచ్చాడు. కొత్తగా చేరిన గుమాస్తా మేనేజరుకి బావమరిది. ఇల్లు అతనికి రాసేశారు, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలి. పాలు పొంగించిన ఇంట్లో నిద్ర చెయ్యకపోతే అరిష్టమని, ఈ ఒక్క రాత్రి ఉండనివ్వమని అక్క ఏడ్చింది.

"పాలు పొంగించీస్తే ఇల్లు నీదైపోద్దేటమ్మా? కాయితమేదీ?" అంది పరమాన్నం మారు వడ్డించుకున్న హెడ్ గుమాస్తా భార్య.

"లైన్లో కుళాయికాడ పొయ్యెట్టుకో తల్లీ, ఊరంతా సూస్తాది!" అంది ఇంకొకావిడ. మిగతావాళ్లు కొంగులు అడ్డుపెట్టుకుని నవ్వారు.

"ఒసే, గిన్నె అట్టుకో, పోదాం" అన్నాడు బావ, అంతే. వేడి ఆరని పాలగిన్నెతో అక్క క్వార్టర్సు వీధి పొడవునా అందరి ముందూ నడిచి వెళ్లింది. నా మేనకోడలు లైన్లలోనే పుట్టింది.

చాలా ఏళ్లకి వాళ్లు చీడికాడలో సొంత ఇల్లు కట్టుకున్నారు, ప్లాను నేనే గీశాను. గృహప్రవేశం నాడు అక్క పాలగిన్నె ముట్టుకోలేదు. పాలు పొంగేదాకా వీధి తలుపు వైపే చూస్తూ నిలబడింది. బంధువుల్లో ఎవరు ఇల్లు మారినా ఆవిడ అడిగేది ఒక్కటే: "కాయితం వచ్చిందేట్రా?"

లైన్లు అనే మాట ఇప్పుడు ఎవరి నోటా వినపడదు. మా ఎన్‌క్లేవ్‌లో పనివాళ్లు రావడానికి వెనక వేరే గేటు ఉంది, దానికి మాత్రం ఎవరూ పేరు పెట్టలేదు. మొన్న మా ఆవిడ కొత్త పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు రిజిస్ట్రేషను కాగితాలు బీరువాలో భద్రంగానే ఉన్నాయి. అయినా పాలు పొంగేదాకా నేను తలుపు వైపే చూశాను. ఎవరూ రాలేదు, వచ్చి కాయితం సంగతి అడగడానికి అక్క కూడా లేదు.