ఉప్పలయ్య సారు రెండు రకాలు

మనిషి కనబడితే చాలు, మా ఉప్పలయ్య సారు ప్రశ్నల కాగితం చేతిలో పెట్టాల్సిందే. సూర్యాపేట కాలేజీలో ఆయన మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. ఆటోవాళ్లనూ ఇంటి ఓనర్‌నూ కూడా వదల్లేదు. కోదాడలో ఓ పెళ్లికి వెళ్లి పెళ్లికొడుకు చేతే టిక్కులు పెట్టించారు.

"ఏంటండీ ఇది?" అన్నాడు పిల్ల తండ్రి బెదిరిపోయి.

"కోపిష్టే గానీ మనసు మంచిది. కానియ్యుండ్రి."

2008లో మిర్యాలగూడ దగ్గరి ఒక జైలులో ఖైదీలను పరీక్షించే అవకాశం దొరికింది. ఇక పట్టపగ్గాల్లేవు. ఆయన శిష్యుణ్ణి కదా, నన్ను స్కూటరెక్కించుకుని దారిపొడుగునా పాఠం చెప్పారు.

"కరుడుగట్టినోళ్లల్ల రెండు రకాలుంటరు. ఒకడు చల్లటోడు, భయం జాలి ఉండయి. ఇంకొకడు ఉడుకోడు, లోపలంత బెంగే. ఉడుకోన్ని మార్చొచ్చు. ఇద్దర్నీ ఒకే గాటన కడుతున్నరు, గదే నా బాధ."

"వాళ్లనే అడిగితే నిజం చెప్తరా సార్?"

"అడిగే తీరుగ అడగాలె."

అక్కడ గొర్లు కాసే యాదయ్య ఉన్నాడు. మేత కాడ కొట్లాటలో ఒకరి తల పగిలిన కేసు. చదువు రాదు కనుక సారే చదివి వినిపించారు.

"ఎవరన్న ఏడుస్తే బాధయితదా?"

"లేదు సార్."

"భయమైతదా?"

"లేదు సార్."

అన్నిటికీ అదే జవాబు. మార్కులు చూసి జైలు అధికారి తల పంకించాడు. "అచ్చం మీ చల్లటోడే. దూరం జైలుకు పంపిద్దాం."

దూరం పంపితే భార్య భద్రమ్మ చూడ్డానికి రావడం కుదరదు. యాదయ్య గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అన్నిటికీ లేదంటున్నవ్. ఎవరన్న చెప్పిండ్రా?"

"వకీలు సారు చెప్పిండు. ఎవరేమడిగినా లేదనాలె అన్నడు."

"నాతోని చెప్పింది కోర్టుకు పోదు. నిద్ర పడుతున్నదా బిడ్డా?"

ఆ ఒక్క ప్రశ్నకు యాదయ్య సాయంత్రం దాకా జవాబు చెప్పాడు. దెబ్బ తిన్నవాడు కోలుకున్నాడా అని కూడా అడిగాడు.

ఏళ్లు కష్టపడి తయారుచేసిన పరీక్ష తప్పిందని సారు అధికారి ముందే ఒప్పుకుని, ఆ మార్కులు కొట్టేశారు. నా ఛాతీ ఉప్పొంగింది.

"మరి ఏ రకమని రాయాలె?" అన్నాడు అధికారి.

"వకీలు మాట జవదాటని రకం. ఈడనే ఉంచుండ్రి."

అధికారి నవ్వేశాడు. యాదయ్యను అక్కడే ఉంచారు.

మరుసటి వారం భద్రమ్మ మొగుణ్ణి చూసి నవ్వు మొహంతో బయటికొచ్చింది. సారు ఊరుకుంటారా, సంచిలోంచి కాగితం తీశారు.

"నీకు కోపమొస్తదా అమ్మా?"

"ఇప్పుడు కాదు సార్," అంది భద్రమ్మ. "ఆయన ఇంటికొచ్చినంక వస్తది."